సూడవలసిన సోట్లు

రిటైరయ్యాక విశాఖపట్నం వదిలి భీమిలిలో ఒక మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాం. బస్సెక్కితే గంట దూరం, అంతే. అయినా మా ఆవిడ తరఫు బంధువులకి అది వేరే దేశంలా తోచింది. ఆమెది గోదావరి జిల్లా. వాళ్ళ వాళ్ళెవరు ఫోన్ చేసినా కుశలప్రశ్నలయ్యాక అడిగే మాట ఒకటే: "అక్కడ చూడ్డానికేముందండీ?"

మొదట్లో నాకు జవాబు తట్టేది కాదు. విశాఖలో అయితే వేలు పెట్టి చూపించవచ్చు. అదిగో రేవులో ఓడ, అదిగో సింహాచలం కొండ అని. భీమిలిలో అంత పెద్దవి లేవు. పొద్దున్నే బయల్దేరి నింపాదిగా నడిస్తే ఎండెక్కేలోగా ఊరంతా చూసి ఇంటికి వచ్చేయవచ్చు. నేను రోజూ చేసేది అదే.

దీపస్తంభం దగ్గర మొదలుపెడతాను. అదేమంత ఎత్తైనది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని దాటిపోయి, దీపస్తంభం ఎక్కడని నన్నే అడుగుతుంటారు. అక్కణ్ణించి పాత చర్చి, ఆ తరవాత డచ్చివాళ్ళ సమాధులు. రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోయాయి. కొన్ని కంటికి ఆనవు, వేలితో తడిమితేనే తెలుస్తాయి. ప్రహరీ మీద మేకలు నిలబడి సముద్రంకేసి చూస్తుంటాయి. అవి ఏం చూస్తాయో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు.

ఇంకొంచెం నడిస్తే గోస్తని సముద్రంలో కలిసేచోటు. అది నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు. ఒకసారి ఇసుక మేట వేసి ఏటికి దారి మూసేస్తుంది. మరోసారి ఏరే ఇసుకను తోసుకుని పోతుంది. దానికి అటువైపు కొబ్బరిచెట్లు, ఇటువైపు తిరగేసిన పడవలు. ఎనిమిది దాటాక చేపల రేవుకి పడవలు వస్తాయి. ఆడవాళ్ళు బేసిన్లతో మోకాలి లోతు నీళ్ళలోకి దిగి ఎదురెళ్తారు. బేరం నీళ్ళలోనే మొదలవుతుంది. పడవ ఒడ్డుకు తగిలేసరికి సగం సరుకు ఎవరిదో తేలిపోయి ఉంటుంది. సాయంత్రం అయితే గంటస్తంభం దగ్గర మురీ మిక్చర్ పొట్లం కట్టించుకుని, అది మెత్తబడేలోగా ఇసుకలో కూర్చోవాలి. వీలైన రోజున ఆటోలో ఎర్రమట్టి దిబ్బలదాకా వెళ్ళి, వాన కోసిన ఆ దారుల్లో తప్పిపోయి రావాలి.

ఇదంతా ఒక బోర్డు మీద రాయించాలన్న ఆలోచన నాది కాదు. పొద్దున నడిచే పెద్దవాళ్ళం పదిహేనుమంది కలిసి పెట్టుకున్న సంఘానిది. ఆ సంఘానికి కార్యదర్శి ఒకాయన ఉన్నారు. ఉక్కు ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయారు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఏ పనైనా కొలత ప్రకారం జరగాలంటారు. బస్సు దిగేచోట ఒక పెద్ద బోర్డు, చూడదగ్గ ఒక్కోచోటా ఒక్కో చిన్న బోర్డు, అలా మరో ఏడు పెట్టాలని ఆయన తీర్మానం చేశారు. నేను ముప్పై ఏళ్ళు ఒక దినపత్రికలో ఉపసంపాదకుణ్ణి. ఇతరులు రాసింది దిద్దడమే నా పని. అంచేత రాయాల్సిన మాటలు నాకు అప్పగించారు.

"ఫ్లెక్సులైతే రేపు సాయంత్రానికి వచ్చేస్తాయండీ" అన్నారు కార్యదర్శి.

"ఉప్పుగాలికి ఏడాది ఆగవు" అన్నాను. "చేత్తో రాసే మనిషి మనూళ్ళోనే ఉన్నాడు."

ఆ మనిషికి యాభై ఏళ్ళుంటాయి. కుర్రతనంలో సింహాచలం కొండ కింద కొబ్బరికాయల కొట్లకి బోర్డులు రాసే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాడు. భీమిలిలో ఒకప్పుడు ఏ కొట్టు చూసినా ఇతని అక్షరమే. ఫ్లెక్సులొచ్చాక అవన్నీ ఒక్కొక్కటే దిగిపోయాయి. ఇప్పుడు పడవలకి పేర్లు, నంబర్లు రాస్తున్నాడు. అదీ రంగులేసే రోజుల్లోనే. అతని చెల్లెలి భర్త అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని చేస్తాడు. ప్యాకింగులో ఒక ఖాళీ ఉందని, రెండు వారాల్లోగా ఏదో ఒకటి చెప్పమని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు.

"ఎల్తే మరి బ్రష్షు పట్టేది నేదు బావూ" అన్నాడు అతను నాతో. ఇక్కడివాళ్ళ నోట 'బాబూ' అంటే 'బావూ'. "తెల్లారకుండా బస్సు, సీకటి పడ్డాక ఇల్లు. ఈ ఎనిమిది బోర్డులూ నాకే ఇత్తే ఉండిపోతాను. ఇవి సూసి ఇంకెవులైనా పిలుత్తారు."

కార్యదర్శి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. మొదటి బోర్డు బాగుంటే మిగతా ఏడూ అతనివే. లేకపోతే ఫ్లెక్సులు.

సరిగ్గా ఆ వారమే నా ఎడమకంటికి శుక్లం ఆపరేషన్ అయింది. చదవకూడదు, రాయకూడదు, వంగకూడదు. నేను వరండాలో మడతమంచం మీద వెల్లకిలా పడుకున్నాను. అతను మెట్టు మీద కూర్చుని, పెళ్ళి శుభలేఖ వెనక్కి తిప్పి పెన్సిల్ తీశాడు.

"నెమ్మదిగా సెప్పండి బావూ. నాది బ్రష్షు సెయ్యి, పెన్సిల్ సెయ్యి కాదు."

నెమ్మదిగానే చెప్పాను. పైన పెద్ద అక్షరాలతో మకుటం, కింద ఏడు పేర్లు. చెబుతూ మధ్యలో ఊళ్ళో సంగతులు మాట్లాడుకున్నాం. ఏ పడవ కొత్తది, ఎవరి వలలో ఏం పడింది, వగైరా. అయ్యాక మొదటి నుంచీ చదవమన్నాను. చదివాడు. కళ్ళు మూసుకుని మాట మాటా విన్నాను. డెస్కులో ప్రూఫు వినేటప్పుడు అలాగే వినేవాణ్ణి.

"బాగుంది. ఒక్క తప్పు లేదు. రాసెయ్" అన్నాను.

ఆదివారం పొద్దున బోర్డు నిలబెట్టారు. రేకు మీద నీలం రంగు, తెల్లటి అక్షరాలు. దూరం నుంచి చూస్తేనే మనసు నిండింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం కొలిచినట్టుంది. గుండ్రాలు గుండ్రంగా, కొసలు సన్నగా ఉన్నాయి. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కన నిలబడ్డాడు. సంఘంవాళ్ళు వచ్చారు. అంతలో బస్సు దిగిన కాలేజీ పిల్లలు బోర్డు ముందు ఆగి నవ్వడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి ఫోన్ ఎత్తి ఫొటో తీస్తూ పైకి చదివింది: "భీమిలిలో సూడవలసిన సోట్లు!"

అతను కూడా నవ్వాడు. వాళ్ళు ముచ్చటపడుతున్నారనుకున్నాడు.

నేను నల్ల కళ్ళద్దాలు తీసి దగ్గరికి వెళ్ళాను. సూడవలసిన. సోట్లు. కింద రెండో పేరు, పాత సర్చి. ఐదోది సేపల రేవు. నాలుగు తప్పులు, జానెడేసి అక్షరాల్లో.

"ఎవరు రాయమన్నారయ్యా నిన్నిలా?" అన్నాను. ముప్పై ఏళ్ళు విలేకరుల మీద వాడిన గొంతు అది. నాకు తెలియకుండానే వచ్చేసింది.

అతని నవ్వు ఆగిపోయింది. జేబులోంచి శుభలేఖ తీసి నా చేతిలో పెట్టాడు. "మీరే బావూ."

కార్యదర్శి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు, ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు: "వచ్చేపోయే వాళ్ళంతా చూసి నవ్విపోతారండీ. ఇంకెందుకులెండి, నాకు తెలిసిన ఫ్లెక్సు షాపుంది."

ఇంటికొచ్చి శుభలేఖ మా ఆవిడకి చూపించాను. ఆమె చదివి, ఆశ్చర్యపోకుండా తిరిగి ఇచ్చేసింది.

"మీరు చెబుతుంటే నేను వంటింట్లోంచి విన్నానండీ. అలాగే చెప్పారు."

"మరి అప్పుడే అనొచ్చుగా?"

"మీ ఊరి చోట్ల పేర్లు అలాగే ఉంటాయేమో అనుకున్నాను. మీరు డెస్కు ముందు కూర్చుంటే ఒకలా మాట్లాడతారు. నడుం వాలిస్తే అచ్చం మీ అమ్మగారే."

మా అమ్మ పుట్టిల్లు జాలరిపేట. ఆమె మాటలో 'చ' ఎప్పుడూ వినపడలేదు. నేను బడికి పోయి, కాలేజీకి పోయి, పత్రికలో చేరి ఆ అక్షరాన్ని సాధించాననుకున్నాను. చేతికి వచ్చింది గానీ, నాలుకకు పూర్తిగా రాలేదు. చెవి అయితే రెండింటినీ ఒకటిగానే వింటోంది. అతను చదివి వినిపించినప్పుడు ఒక్కటంటే ఒక్క తప్పు నాకు వినపడకపోవడం అందుకే.

సాయంత్రం కార్యదర్శి ఇంటికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఆయన నమ్మలేదు. అతన్ని కాపాడటానికి అలా అంటున్నాననుకున్నారు.

"పేపరు మనిషి మీరు. మీరెలా చెబుతారండీ అలాగ?"

నేను ఆయన ముందే, గబగబా, ఆలోచించకుండా చేపల పేర్లు నాలుగు చెప్పాను. ఒక్కదాంట్లోనూ 'చ' పలకలేదు. ఆయన పెద్దగా నవ్వారు. ఆయన నవ్వగా అప్పుడే చూశాను. "సరే. వచ్చే ఆదివారం దాకా చూద్దాం. బోర్డు తప్పు లేకుండా ఉంటే మాట మాటే" అన్నారు.

మర్నాడు అతన్ని వెతుక్కుంటూ రేవు వెనక సందులోకి వెళ్ళాను. బోర్డు అప్పటికే విప్పుకొచ్చి ఒక పడవకి ఆనించాడు. గరుకు కాగితం చేతిలో ఉంది గానీ ఇంకా గీకడం మొదలుపెట్టలేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నిష్ఠూరమైతే ఏమీ ఆడలేదు.

"నాకు రాసినప్పుడే అనుమానమొచ్చింది బావూ. ఇస్కూల్లో మేష్టారు 'చ' అని సెప్పినట్టు గుర్తు. గానీ మీరంతటోరు సెప్పినాక నానేటి?"

నేను ఒక ఆలోచనతో వచ్చాను. రాత్రంతా అదే తిరిగింది బుర్రలో. దాన్ని గొప్ప ఆలోచన అనుకున్నాను కూడా.

"దిద్దొద్దు" అన్నాను. "ఇలాగే ఉంచేద్దాం. ఇది మన మాట. మన అమ్మల మాట. ఇందులో తప్పేముంది? నేను కార్యదర్శిగారికి నచ్చజెబుతాను. బయటివాళ్ళు కూడా ముచ్చటపడతారు."

అతను గరుకు కాగితాన్ని రెండుగా మడిచాడు. తొందరపడకుండా మాట్లాడాడు.

"మీకు ముచ్చటగానే ఉంటాది బావూ. మీరు సదూకున్నోరని అందరికీ తెల్సు. మీరు 'సూడండి' అంటే పెద్దమడిసి, మన బాస మాటాడతన్నాడంటారు. నాను రాత్తే ఈడికి సదువు రాదంటారు. నిన్న ఆ కాలేజీ గుంటలు నవ్వినది మిమ్మల్ని సూసి కాదుగదా."

నేను ఏదో అనబోయాను. అతను ఇంకా ముగించలేదు.

"నాను ఐదు సదివి మానేసినాను. అయినా ఇన్నేళ్ళూ ఒక్క బోర్డూ తప్పు రాసినాడని అనిపించుకోనేదు. అనుమానమొత్తే కొట్టోడిని మూడు సార్లు అడిగీవోడిని. మిమ్మల్నే అడగనేదు."

చెప్పి కూర్చుని గీకడం మొదలుపెట్టాడు. నాలుగు అక్షరాలూ చెరిపి ఆ మేర నీలం వేస్తే సరిపోదా అని అడిగాను. కొత్త నీలం, పాత నీలం ఎండలో కలవవట. దిద్దిన చోటు మచ్చలా తెలిసిపోతుందట. బోర్డంతా గీకేశాడు. ఆ పూటకి నా పని, పక్కన కూర్చుని ఊరుకోవడం.

నీలం ఆరడానికి రెండు రోజులు పట్టింది. గురువారం పొద్దున సుద్ద పూసిన దారం లాగి గీతలు కొట్టాడు. ఈసారి మాటలు నేను నోటితో చెప్పలేదు. రాసి ఇచ్చాను. రాసింది మా ఆవిడ చూసింది. అతను మకుటం పూర్తి చేసి ఐదో వరుసకి వచ్చేసరికి, రేవు నుంచి ఖాళీ బేసిన్ చంకన పెట్టుకుని ఒకావిడ వచ్చి ఆగింది. అరవై దాటిన మనిషి, అతనికి అత్త వరస. నలభై ఏళ్ళుగా ఆ రేవులో చేపలమ్ముతోంది.

"ఏట్రా అల్లుడా, మల్లీ రాత్తన్నావు? మొన్న రాసింది సెల్లలేదేటి?"

"తప్పొచ్చిందత్తా."

"నీకూ తప్పొచ్చిందంటే ఊరు మునిగిపోద్ది. ఇక్కడేటి రాసినావు?"

"చేపల రేవు" అని చదివాడు. 'చ' మీద కొంచెం ఆగి, గట్టిగా, పరీక్షలో చెప్పినట్టు.

ఆవిడ మూతి తిప్పింది. "అంతేనేటి? సేపల రేవు అని రాసి ఊరుకుంటే ఎవులొత్తారు? ఆ బస్సు దిగినోల్లు ముక్కు మూసుకుని అటునుంచి అటే పోతన్నారు. కొనమని ఎవులు సెప్పినారు? సేపలు కొనకపోయినా పర్లేదు, సూసెల్లండి, ముక్కు మాత్రం మూసుకోకండి అని రాయి."

నవ్వాగలేదు మాకిద్దరికీ. నవ్వడం అయ్యాక అతను బ్రష్షు డబ్బా మీద పెట్టి నావైపు తిరిగాడు.

"బావూ, ఇది రాయొచ్చా?"

"పేరు వరకూ పుస్తకంలో ఉన్నట్టు రాయి. దాని కింద ఆవిడ మాట చిన్న అక్షరాలతో రాయి. ఇటో రెండు కామాలు, అటో రెండు కామాలు పెట్టు. అలా పెడితే లోపలున్నది రాసినవాడి మాట కాదు, అన్నవాళ్ళ మాట. పలికింది పలికినట్టే ఉండాలి. దాన్ని దిద్దే హక్కు ఎవరికీ లేదు."

చెబుతున్నప్పుడే నాకు నా పాత పని గుర్తొచ్చింది. పత్రికల్లో ఈ నియమం అందరికీ తెలుసు. తుపాను వార్తల్లో, వేటకెళ్ళి తప్పిపోయినవాళ్ళ వార్తల్లో విలేకరులు రేవుల నుంచి ఉన్న మాట ఉన్నట్టు రాసి పంపేవారు. 'మా నావ ఎలిపోనాది' అని ఒక తల్లి అంటే, నేను ఆ కామాల లోపలికి కూడా చేయి పెట్టి 'మా పడవ కొట్టుకుపోయింది' అని దిద్ది పంపేవాణ్ణి. ఎన్ని వేలసార్లు దిద్దానో. తప్పు తీసేస్తున్నాననే అనుకున్నాను.

అతను ఆ గుర్తులు పెన్సిల్‌తో గీసి చూపించాడు. బాగున్నాయి. అప్పుడు చేపలావిడ వైపు తిరిగాడు.

"అత్తా, మల్లీ సెప్పు. నెమ్మదిగా. పర్లేదు అన్నావా, పరవాలేదు అన్నావా?"

"పర్లేదు అన్నాను. అయినా నా మాట ఎవులు సదువుతార్రా?"

"ముందు నువ్వు సెప్పు."

ఆవిడ బేసిన్ కింద పెట్టి, కొంగు సరిచేసుకుని, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి చెప్పింది. అతను మూడుసార్లు అడిగి రాసుకున్నాడు.

ఆదివారం బోర్డు మళ్ళీ నిలబెట్టారు. కార్యదర్శి చేతులు వెనక్కి కట్టుకుని పై వరుస నుంచి చదువుకుంటూ వచ్చారు. ఐదో వరుస దగ్గర ఆగారు. ఇస్త్రీ చొక్కాలో అతను ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఇదెవరన్నారండీ?" అన్నారు కార్యదర్శి.

రేవు వైపు చూపించాను. చేపలావిడ అక్కడ ఎవరితోనో బేరంలో ఉంది, గొంతు ఇక్కడిదాకా వినిపిస్తోంది.

ఆయన మరోసారి చదివారు. "కామాలలో ఉంటే తప్పు కాదంటారు?"

"కాదు. దిద్దితేనే తప్పు."

"అయితే మిగతావాటికి కూడా ఇలా ఒక్కొక్క మాట ఉంటే బాగుంటుందేమో. దీపస్తంభం కాడ, సమాధుల కాడ. అక్కడుండేవాళ్ళని అడిగి." ఆయన నోటి వెంట 'కాడ' అన్న మాట వచ్చింది. ఆయన గమనించలేదు. నేనూ అనలేదు. అతని వైపు తిరిగి, "ఏడూ నువ్వే రాయాలయ్యా. రాసేముందు కాగితం ఒకసారి ఎవరికైనా చూపించు" అన్నారు.

"అలాగేనండి. బావుగారింట్లో అమ్మగారికి సూపిత్తాను" అన్నాడతను. అందరూ నావైపు చూసి నవ్వారు. నవ్వాల్సిందే.

ఒక కుటుంబం బస్సు దిగి బోర్డు ముందు ఆగింది. తండ్రి పైకి చదివాడు. పిల్లలు ముక్కుల మీంచి చేతులు తీసి, ఒకరినొకరు చూసుకుని, రేవు వైపు పరుగెత్తారు. వెనకే తల్లి.

సోమవారం పొద్దున దీపస్తంభం దగ్గర అతను రెండో బోర్డుకి కొలతలు తీస్తుంటే, నేను దారం ఒక కొస పట్టుకుని నిలబడ్డాను. అతని జేబులో ఫోన్ మోగింది. దారం వదలకుండా, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి మాట్లాడాడు.

"నేదు బావా, నాను రాను... ఇక్కడ పనుంది... ఏడు బోర్డులు... ఆ, తరవాతేటో తెల్దు. నిన్న రేవులో ఇద్దరు పడవలోల్లు పేర్లు రాయమన్నారు, కొబ్బరి కొట్టోడు ఒకడు కనుక్కున్నాడు... అదే గదా, సూద్దాం... ఆ ఖాలీ ఇంకెవులికైనా ఇచ్చీమను."

ఫోన్ జేబులో పెట్టుకుని, దారం బిగువుగా లాగి, మధ్యలో వేళ్ళతో పట్టి వదిలాడు. రేకు మీద తెల్లగా ఒక గీత పడింది.

"కొంచెం ఎత్తండి బావూ, మీ పక్క వాలింది" అన్నాడు.